గుహుడి పడవ బొమ్మ



భోజనాలయ్యాయా? గిన్నెలు సర్దుకుని, కాసేపు నడుం వాల్చబోయే ముందు ఒక్కసారి మీ ఇంటి గోడలకేసి చూడండి. వేంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, పెద్దవాళ్ల ఫోటోలు, కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య ఎక్కడో రాములవారూ, సీతమ్మా, లక్ష్మణస్వామీ పడవలో కూర్చుని ఏరు దాటుతున్న బొమ్మ కూడా ఉండే ఉంటుంది. మీ ఇంట్లో లేకపోతే మీ అమ్మగారింట్లో ఉంటుంది. రోజూ దుమ్ము దులుపుతాం, పండగనాడు పసుపు కుంకుమ పెడతాం. కానీ ఆ బొమ్మలో ఎవరు ఎటు చూస్తున్నారో ఎప్పుడైనా గమనించామా? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

మా పుట్టిల్లు చిల్లకల్లు. బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్లే రోడ్డు మీద, జగ్గయ్యపేట దగ్గర. మెట్ట ప్రాంతం. మిరప, పత్తి, కంది పండే చేలు. ఊళ్లో నీటికి చెరువూ బావులే గాని, కృష్ణ చూడాలంటే ముక్త్యాల వెళ్లాలి. ముక్త్యాల మా అమ్మ పుట్టిల్లు. అక్కడ రేవులో నిలబడితే ఇవతల మన కృష్ణా జిల్లా, అవతల పల్నాడు. ఇప్పుడు మావైపు ఎన్టీఆర్ జిల్లా అయింది లెండి, 2022 నుంచి. నోటికి మాత్రం పాత పేరే వస్తుంది. ముక్త్యాలకు అవతలి గట్టున మాదిపాడు. మా చిన్నప్పుడు మనుషులు నాటు పడవల మీదా, బళ్లూ గొడ్లూ బల్లకట్టు మీదా దాటేవి. పడవకు ఇచ్చే కూలిని మా అమ్మమ్మ ‘కేవు’ అనేది. ఆ మాట ఇప్పుడు వినపడటం లేదు.

మా ఇంట్లో బొమ్మ క్యాలెండరు బొమ్మ కాదు. గుడ్డ మీద నూనె రంగులతో వేసింది. ముక్త్యాల మా తాతయ్య గారింట్లో వీధి గదిలో ఒక డ్రాయింగు మాస్టారు అద్దెకుండేవారట. ఆయన వేసిన బొమ్మ. రెండు మూరల పొడవు, మూరెడు ఎత్తు. సగానికి పైగా నీళ్లే. వెనకాల నీలంగా పల్నాటి కొండలు, ఈ పక్క ఇసుక తిన్నె, దాని మీద నాలుగు తాడిచెట్లు, ఒక తుమ్మచెట్టు. మూలగా ఒకావిడ బండ మీద బట్టలు ఉతుకుతోంది. ఆ పెద్ద నీళ్ల మధ్య చిన్న పడవ. అందులో నారచీరల్లో ముగ్గురు, గెడ పట్టుకుని ఒకడు.

అది గంగ అని పేరేగాని, చూసినవాళ్లెవరికైనా ముక్త్యాల రేవని తెలిసిపోతుంది. చిన్నప్పుడు నాకది పెద్ద అనుమానం. “అమ్మా, రాములవారు మన రేవులో ఎందుకు దాటారే?” అని అడిగేదాన్ని. “మాస్టారు గంగ చూడలేదు గదే, చూసిన ఏరే వేశారు” అనేది అమ్మ.

ఇంకో అనుమానం కూడా ఉండేది. పడవలో రాములవారు అవతలి గట్టు వైపు చూస్తున్నారు. లక్ష్మణుడూ అటే చూస్తున్నాడు. పడవవాడి చూపూ అటే. సీతమ్మ ఒక్కతే ఇటు తిరిగి కూర్చుంది, మనకేసి చూస్తూ. “సీతమ్మను తప్పుగా కూర్చోబెట్టారే మాస్టారు” అనేదాన్ని. దానికి మాత్రం అమ్మ ఏమీ చెప్పేది కాదు.

నేను చదివింది పదో తరగతి. పండితురాలిని కాను. అయినా రేడియోలో మాట్లాడే అవకాశం వచ్చాక, ఏ విషయం చెప్పాలన్నా నాలుగు పుస్తకాలు తిరగెయ్యడం అలవాటయింది. ఈ బొమ్మ కథ కోసం వాల్మీకి రామాయణం తెలుగు వచనంలో అయోధ్యకాండ శ్రద్ధగా చదివాను. చదివాక తెలిసింది, మన గోడ మీది బొమ్మ ఒక్క కవి చెప్పింది కాదని.

వాల్మీకి చెప్పింది ఇదీ. అయోధ్య విడిచిన తరువాత వాళ్లు గంగ ఒడ్డున శృంగిబేరపురం చేరారు. అక్కడి నిషాదుల రాజు గుహుడు, రాముడికి స్నేహితుడు. ఆ రాత్రి గారచెట్టు కింద పడుకున్నారు. లక్ష్మణుడూ గుహుడూ తెల్లవార్లూ మేలుకుని మాట్లాడుకున్నారు. పొద్దున్నే మర్రిపాలు తెప్పించి అన్నదమ్ములిద్దరూ జుట్టు జడలు కట్టుకున్నారు. రథం తోలుకొచ్చిన సుమంత్రుణ్ణి వెనక్కి పంపేశారు. గుహుడు తన వాళ్లచేత పడవ తెప్పించాడు. నడిపింది వాళ్లే. గుహుడు గట్టు మీద నుంచే సెలవు తీసుకున్నాడు. వాల్మీకిలో కాళ్లు కడగడం లేదు, గెడ పట్టడమూ లేదు!

మరి కాళ్లు కడగడం ఎక్కడిది? మన మొల్ల రామాయణంలో ఉంది. ఆతుకూరి మొల్ల, గోపవరం కేసన కూతురు, పదహారో శతాబ్దం నాటి కవయిత్రి అని ఎక్కువమంది చెబుతారు. తనకు శాస్త్రాలు రావు, వ్యాకరణం రాదు అని ముందే ఒప్పేసుకుని, వినగానే అర్థమయ్యేలా రామాయణం రాసిన మహాతల్లి. ఆవిడ గుహుడికి ఒక సందేహం కల్పించింది. రాముడి పాదధూళి సోకి రాయి ఆడదయిందట గదా, ఇప్పుడా కాళ్లతో నా ఓడ ఎక్కితే ఇదేమవుతుందో అని భయపడి, ముందు కాళ్లు కడిగాడు. వేడుకలాగే కనిపిస్తుందిగాని, తన వస్తువును జాగ్రత్త చేసుకునే మనిషి భయం అది. ఇల్లు నడిపేవాళ్లకు ఆ భయం ఇట్టే అర్థమవుతుంది. బాపు గారి సంపూర్ణ రామాయణం సినిమాలో పడవ ఘట్టం చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరికి ఒక తెలుగు ఆడపడుచు ఎప్పుడో ఈ ముచ్చట పద్యంలో చెప్పిందని తెలుసు?

ఉత్తరాదిన తులసీదాసు 1574లో మొదలుపెట్టిన రామచరితమానస్‌లోనూ ఇదే ముచ్చట ఉంది. అక్కడ పడవవాడు గుహుడు కాదు, కేవట్ అని వేరే మనిషి. నా పడవ ఆడదైపోతే నా పిల్లాజెల్లా ఏం తినాలి అని గట్టిగా అడుగుతాడు. అవతలి గట్టు చేరాక కేవు ఇవ్వడానికి రాములవారి దగ్గర ఏమీ లేదు. ఆయన మొహమాటపడటం సీతమ్మ చూసింది. అడక్కుండానే తన వేలి ఉంగరం తీసి ఇవ్వబోయింది. భర్త జేబు తడుముకుంటుంటే కొంగున ముడి విప్పే ఇల్లాలు మనందరిలోనూ ఉంది కదూ! పడవవాడు ఆ ఉంగరం పుచ్చుకోలేదు. ఇప్పుడొద్దు, తిరిగి వచ్చేటప్పుడు ఏదిచ్చినా పుచ్చుకుంటానన్నాడు. ‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని మనకో సామెత ఉంది. ఆ సామెత తిరగబడిన చోటు ఇది. ఏరు దాటాక కూడా పడవవాణ్ణి తలుచుకున్నది సీతమ్మ.

ఇక బొమ్మలు వేసినవాళ్ల సంగతి. మా అమ్మాయి సెల్‌ఫోనులో నాకు మేవాడ్ రామాయణం బొమ్మలు చూపించింది. రాజస్థానంలో మేవాడ్ రాణా జగత్‌సింగు కోసం 1649 నుంచి 1653 దాకా వాల్మీకి రామాయణం రాసి, నాలుగు వందలకు పైగా బొమ్మలు వేశారు. అయోధ్యకాండ బొమ్మలు సాహిబ్‌దీన్ అనే ముస్లిం చిత్రకారుడి ఆధ్వర్యంలో తయారైనవి, 1650 నాటివి. ఎక్కువ భాగం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ముంబయి మ్యూజియంలోనూ కొంత ఉంది. విడిపోయిన భాగాలన్నిటినీ కలిపి 2014లో కంప్యూటర్లో అందరూ చూసేలా పెట్టారు. సాహిబ్‌దీన్ పద్ధతి తమాషాగా ఉంటుంది. ఒకే బొమ్మలో అదే మనిషి రెండు మూడు చోట్ల కనిపిస్తాడు, కథ నడిచినకొద్దీ. మొదట చూస్తే గజిబిజిగా ఉంటుందిగాని, మనం కథ చెప్పేదీ అలాగే గదా, ఇక్కడున్నారు, ఇలా వెళ్లారు, అక్కడికి చేరారు అని. ఆ చెట్లూ, ఆ మేడలూ, ఆ బట్టలూ అన్నీ మేవాడ్‌వే. మా మాస్టారు గంగ బదులు కృష్ణ వేసినట్టే, ఆయనా తాను రోజూ చూసే ప్రపంచాన్నే వేశాడు. ఏ చిత్రకారుడైనా తన ఊరి రేవులోంచే రాముణ్ణి దాటిస్తాడు కాబోలు.

ఇన్ని చదివాక, అసలు సంగతి నాకు వాల్మీకిలోనే దొరికింది. పడవ నడిగంగలోకి వెళ్లేసరికి, రాముడు కాదు, లక్ష్మణుడు కాదు, సీతమ్మ చేతులు జోడించి నదితో మాట్లాడింది. నా భర్త పధ్నాలుగేళ్లు అడవిలో గడిపి, తమ్ముడితో, నాతో క్షేమంగా తిరిగి వచ్చిననాడు నిన్ను పూజిస్తాను తల్లీ, లక్ష గోవులు, బట్టలు, అన్నం దానం చేస్తాను అని మొక్కుకుంది. నారచీర కట్టుకుని, రేపు రాత్రి ఎక్కడ పడుకుంటామో తెలియని మనిషి లక్ష ఆవులు మొక్కుకుంది. అంటే తిరిగి రావడం మీద ఆవిడకు ఎంత పట్టుదలో చూడండి.

మనం తెలుగువాళ్లం గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అనం. ‘వెళ్లొస్తాను’ అంటాం. ‘వెళ్తాను’ అన్న పిల్లని పెద్దవాళ్లు వెంటనే దిద్దుతారు. సీతమ్మ మొక్కంతా కలిపి ఒక్క మాటలో చెప్పాలంటే అదే, ‘వెళ్లొస్తాను’.

ఇంతవరకూ మొదటి దాటడం. రామాయణంలో గంగ దాటడం ఇదొక్కటే కాదు. కాస్త ఓపికగా వినండి, ఇంకో రెండు చెబుతాను.

రెండోది భరతుడిది. అన్నగారిని వెనక్కి తెద్దామని అయోధ్య అంతా కదిలి వచ్చింది. వీళ్లు యుద్ధానికి వస్తున్నారేమోనని గుహుడికి అనుమానం వేసి, ఐదు వందల పడవల్లో, పడవకు వందమంది చొప్పున పడుచువాళ్లని కాపలా పెట్టాడు. భరతుడి మనసు తెలిశాక తనే పడవలు కట్టించాడు. ‘స్వస్తికం’ అనే మంచి పడవ, తెల్లని కంబళి పరిచింది, గుహుడే స్వయంగా తెచ్చాడు. అందులో భరతశత్రుఘ్నులతో పాటు కౌసల్యా, సుమిత్రా, మిగిలిన రాజస్త్రీలూ ఎక్కారు. అయోధ్య నుంచి బయలుదేరినవాళ్లలో కైకేయి కూడా ఉంది. ఆలోచించండి, వరాలు అడిగిన అత్తగారూ, కొడుకు దూరమైన అత్తగారూ కలిసి చేసిన ప్రయాణం! ఆ ప్రయాణంలో ఎవరు ఎవరికేసి చూశారో, ఎవరు మాట్లాడారో వాల్మీకి రాయలేదు. మన గోడల మీద ఆ బొమ్మ ఎక్కడా కనపడదు. ఇంట్లో పెద్ద గొడవ జరిగాక కూడా అందరూ ఒకే ఆటోలో పెళ్లికి వెళ్లవలసి వచ్చినవాళ్లకి మాత్రం అది కళ్లకు కట్టినట్టుంటుంది.

ఇక ఏ పడవా ఎక్కని మనిషి ఒకతె ఉంది. ఊర్మిళ. భర్త అడవికి వెళ్లాడు, ఆవిడ ఇంట్లోనే ఉండిపోయింది. కవులు ఆమెను పెద్దగా తలుచుకోలేదుగాని మన అమ్మమ్మలు మరిచిపోలేదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట కట్టుకుని, వంటిళ్లలో, ఉయ్యాలల దగ్గర పాడుకున్నారు. గట్టు మీద మిగిలిపోయినవాళ్ల బాధ గట్టు మీద మిగిలిపోయినవాళ్లకే తెలుస్తుంది.

మూడోది చెప్పడానికి నోరు రాదు. ఉత్తరకాండలో ఉంది. రాజ్యం దక్కింది, సీతమ్మ కడుపుతో ఉంది. ఒక్కరోజు మునుల ఆశ్రమాలు చూసి రావాలని ముచ్చటపడింది. రథం ఎక్కేటప్పుడు మునిపత్నులకు పంచడానికి బట్టలూ, నగలూ మూట కట్టుకుంది. మనం పుట్టింటికి వెళ్తూ చీరలూ పిండివంటలూ సర్దుకోమూ, అలాగే. లక్ష్మణుడు ఆవిణ్ణి గంగ దాటించాడు. అప్పుడూ పడవ నడిపింది నిషాదులే. అవతలి గట్టున దిగాక గాని లక్ష్మణుడు అసలు మాట చెప్పలేదు, తిరుగు ప్రయాణం లేదని.

అదే గంగ. అదే సీతమ్మ. మొదటిసారి పధ్నాలుగేళ్లకని దాటింది, తిరిగి వచ్చింది. రెండోసారి ఒక్కరోజుకని దాటింది, ఆ ఇంటికి మళ్లీ చేరలేదు. ఏరు వెడల్పును బట్టి కాదు దూరం. పంపేవాళ్ల మనసుని బట్టి.

మా బొమ్మలో సీతమ్మ ఇటెందుకు చూస్తోందో అమ్మ నాకు చెప్పింది నా పెళ్లి రోజున. అప్పగింతలయ్యాక, కారు ఎక్కే ముందు నన్ను లోపలికి పిలిచి ఆ బొమ్మ ముందు నిలబెట్టింది.

అమ్మకు ఒక అక్క ఉండేదని నాకు తెలుసు, చిన్నప్పుడే పోయిందనీ తెలుసు. అంతకు మించి తెలియదు. పెద్దమ్మను పదహారో ఏట పల్నాటి వైపు ఒక ఊరికి ఇచ్చారు. ముక్త్యాల రేవులోనే పెళ్లివారితో పడవ ఎక్కించారు. అందరూ అటు తిరిగి కూర్చుంటే పెద్దమ్మ ఒక్కతే ఇటు తిరిగి కూర్చుందట. గట్టు మీది మనుషులు కనపడినంతసేపూ మొహం తిప్పలేదట. మాస్టారు ఆ జనంలో నిలబడి చూశారు. అమ్మకు అప్పటికి తొమ్మిదేళ్లు. “అందరూ ఏడుస్తున్నారు, సామాన్లు లెక్కపెడుతున్నారు. ఆ హడావుడిలో మా అక్కచేత వెళ్లొస్తానని ఎవరూ అనిపించలేదే” అంది.

తరువాత పెట్టుపోతల దగ్గర మాట పట్టింపు వచ్చింది. ఆ గట్టువాళ్లు పంపమన్నారు, ఈ గట్టువాళ్లు వాళ్లు పంపితేనే తెచ్చుకుంటామన్నారు. పడవ ఎక్కితే కాసేపట్లో అవతల ఉంటాం. ఆ కాసేపు ప్రయాణం మూడేళ్లపాటు ఎవరూ చెయ్యలేదు. మూడో ఏట పెద్దమ్మ పురిట్లో పోయింది. కబురు తెచ్చింది కూడా పడవవాడే. తాతయ్య అప్పుడు దాటాడు ఏరు.

మాస్టారికి వేరే ఊరు బదిలీ అయినప్పుడు ఆ బొమ్మ తాతయ్యకిచ్చి వెళ్లారు. తాతయ్య దాన్ని గోడకు పెట్టలేకపోయాడు, పారెయ్యనూ లేకపోయాడు. అమ్మ పెళ్లినాడు సారెతో పాటు బండెక్కించాడు. అలా అది చిల్లకల్లు వచ్చింది.

అమ్మ ఇవన్నీ రెండు నిమిషాల్లో చెప్పేసింది. బయట అందరూ తొందర పెడుతున్నారు. చెప్పి, నా గడ్డం పట్టుకుని, “వెళ్లొస్తానని అనవే” అంది. నేను అన్నాను. “అన్నావు కదా, ఇంక రావడం నీ వంతు, తీసుకురావడం మా వంతు” అంది.

ఆ మాటలో ఎంత ఉందో నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. వెళ్లొస్తాననడం వెళ్లేవాళ్లు ఇచ్చే మాట మాత్రమే కాదు. గట్టు మీద నిలబడి ‘మంచిది, వెళ్లిరా’ అనే వాళ్లు కూడా దానికి పూచీ పడుతున్నారు. ఎన్నాళ్లు గడిచినా, ఎవరితో ఏ మాట వచ్చినా, ఈ తలుపు నీకు తీసే ఉంటుందని. మా పెద్దమ్మ కథలో ఆ పూచీ ఎవరూ పడలేదు. ఉత్తరకాండలోనూ అంతే. అమ్మ మాత్రం తన మాట నిలబెట్టుకుంది. నా కాపురంలో ఒక ఏడాది గడ్డుగా గడిచింది. వివరాలెందుకు లెండి, అలాంటివి ఎవరింట్లో ఉండవు? ఆ ఏడు అమ్మ మూడుసార్లు బస్సెక్కి బెజవాడ వచ్చింది. ఎవరు పిలిచారని అడగలేదు, ఎవరు ముందు మాట్లాడాలని చూడలేదు. “పిల్లని చూడాలనిపించింది, వచ్చాను” అంతే. గొడవ ఎప్పుడు సర్దుకుందో మాకే తెలియకుండా సర్దుకుంది.

అమ్మ పోయాక అన్నయ్యా, తమ్ముడూ చిల్లకల్లు ఇల్లు అమ్మేశారు. తప్పేం లేదు, ఎవరి ఉద్యోగాలు వాళ్లవి. సామాన్లు పంచుకునేనాడు మా వదిన, “నీకేం కావాలో తీసుకోమ్మా” అంది. ఇత్తడి బిందెలున్నాయి, పందిరి మంచం ఉంది. నేను బొమ్మ అడిగాను. వెనక చెక్క చెదలు తినేసింది, ఒక మూల రంగు పెచ్చులు లేచింది. “అదెందుకమ్మా, కొత్తది కొనుక్కోవచ్చు గదా” అంది వదిన. ఆవిడకు కథ తెలియదు. కూర్చోబెట్టి చెప్పాను. విని, తనే పాత దుప్పటి తెచ్చి బొమ్మకు చుట్టింది. అలా అది ముక్త్యాల నుంచి చిల్లకల్లూ, చిల్లకల్లు నుంచి బెజవాడా చేరింది. మూడిళ్లు మారిన ఆడపడుచు అది.

బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే కీసర దగ్గర మున్నేరు వంతెన వచ్చింది. ఆ వంతెన మీద వందలసార్లు వచ్చాను, వెళ్లాను. ఎప్పుడూ కిటికీలోంచి చూసి ఊరుకునేదాన్ని. ఆరోజు మాత్రం, ఇల్లు లేకపోయినా, ఆ ఊరికి ‘వెళ్లొస్తాను’ అనుకున్నాను.

ఇలాంటి బొమ్మలు మీ ఇళ్లలోనూ ఉంటే రెండు మూడు జాగ్రత్తలు చెబుతాను. నూనె రంగుల బొమ్మను తడిగుడ్డతో తుడవకండి. మెత్తని పొడి కుంచెతో మెల్లగా దుమ్ము దులపండి, చాలు. పెచ్చులు లేచిన చోట అది కూడా వద్దు. ఎండ తగిలే గోడకూ, వంటింటి పొగ తగిలే చోటా పెట్టకండి. ఫ్రేము గోడకు పూర్తిగా ఆనకుండా వెనక చిన్న చెక్క ముక్కలు పెడితే గాలి ఆడుతుంది, చెమ్మా చెదలూ పట్టడం తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి ఉంది. ఆ బొమ్మ ఎవరు వేశారు, ఎవరు కొన్నారు, ఎవరి పెళ్లికి వచ్చింది అని ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఒక కాగితం మీద రాసి దాచండి. రంగు పోతే మళ్లీ వేయించవచ్చు. అడగడానికి మనిషి లేకపోతే కథ మళ్లీ రాదు. మా మాస్టారి సంగతి నేను అమ్మను ఇంకా ఎన్నో అడగవలసింది.

చివరగా ఒక్క మాట. సీతమ్మ మొక్కు ఏమయిందని మీకు అనిపించవచ్చు. వనవాసం ముగిసి తిరిగి వచ్చినప్పుడు వాళ్లు పడవ ఎక్కలేదు, పుష్పకవిమానంలో వచ్చారు. కానీ తాను వస్తున్నానని భరతుడి కంటే ముందు, దారిలో గుహుడికి కబురు చెప్పమని హనుమంతుణ్ణి పంపాడు రాముడు. వాల్మీకి రాశాడు ఆ మాట. తులసీదాసయితే సీతమ్మ చేత విమానం దిగి గంగను పూజ చేయించాడు. దాటించినవాణ్ణీ, దాటిన ఏటినీ ఇద్దరూ గుర్తుపెట్టుకున్నారు.

కిందటేడు మా అమ్మాయి పై చదువుకని వేరే రాష్ట్రం వెళ్లింది. విమానంలోనే. సూట్‌కేసు చక్రాల మీద లాక్కుంటూ, చెవిలో ఫోను పెట్టుకుని, “వెళ్తున్నానమ్మా” అంది గుమ్మంలోంచి. వెనక్కి పిలిచాను. బొమ్మ ముందు నిలబెట్టాను. ఇప్పటి పిల్ల గదా, నవ్వింది. నవ్వుతూనే అంది, “వెళ్లొస్తాను” అని. నేను “మంచిది, వెళ్లిరా” అన్నాను. ఆ మాటకు పూచీ నాది.

మళ్లీ కలుసుకునేదాకా, మరి నేనూ వెళ్లొస్తాను.